ఇంటి కంచె: హద్దు వేఱు, అనుమతి వేఱు

పంటలు ఇండ్లకు చేరి, పొలము పనులు తెఱపి యిచ్చిన ఎండకాలపు నెలలయందు మన గ్రామములలో కంచెల పని మొదలగును. ప్రాతబడిన తాటిమట్టల దడి విప్పి క్రొత్తది కట్టువారు కొందఱు. దడి మాని రాతికూసములు పాతి ముండ్లతీగె లాగించువారు కొందఱు. చేతిలో నాలుగు రూపాయలాడినవారు ఇటుకలతో ప్రహరీయే లేపుదురు. ఆ నెలలలోనే ఇరుగుపొరుగుల తగవులును మొదలగుచుండుట అందఱు నెఱిగినదే. తొలకరి వచ్చుసరికి కొన్ని తగవులు సమసిపోవును. కొన్ని కోర్టుకెక్కి, కంచె ఖరీదుకు మించి ప్లీడర్లకు పోసినను తెమలక, ఆ యిండ్ల పిల్లల కాలము దాకను సాగును.

ఈ తగవులలో పెక్కింటికి మూలము రెండు అపోహలు. ఒకడు ‘పంచాయతీవారు అనుమతి నిచ్చిరి, ఇక ఈ జాగా నాది కాదనువాడెవ్వడు?’ అనును. మఱియొకడు ‘జాగా నా తాతనాటిది, నా జాగాకు నేను కంచె వేసికొనుటకు ఒకరి అనుమతి యేల?’ అనును. ఇద్దఱును పొరబడినవారే. హద్దును తేల్చునది సర్వే శాఖయు, తుదకు సివిలు కోర్టును. కట్టుబడికి అనుమతి యిచ్చునది పంచాయతీ గాని పురపాలక సంఘము గాని. పంచాయతీవారి అనుమతి పత్రము పొరుగువాని జాగాను మీకు దఖలుపఱుపదు. సర్వేవారి కొలత పటము వీధిలోనికి గోడ జరుపుటకు మీకు అధికార మియ్యదు. ఒకదాని పని మఱియొకటి చేయదు గనుక రెంటిని వేఱువేఱుగానే విచారింపవలెను. మొదట హద్దు సంగతి చూతము.

పొలమునకు హద్దు తెలిసికొనుట కొంత సుళువు. ప్రతి సర్వే నంబరునకును పటము గలదు. ఆంధ్ర జిల్లాలలో దానిని ఎఫ్.ఎం.బి. అందురు, తెలంగాణములో ఇట్టి ఉపయోగమే గల ప్రాత కాగితమునకు టిప్పను అని పేరు. ఆంధ్ర పటములలోని కొలతలు గొలుసులలోను లింకులలోను ఉండును. గొలుసునకు 66 అడుగులు. గొలుసులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. నేలమీద ఆ కొలతలకు సాక్షులుగా నిలుచునవి సర్వే రాళ్ళు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టము ఆ రాళ్ళను కాపాడి, చెడినచో బాగుచేయించు బాధ్యతను పట్టాదారు మీదనే యుంచినది. అట్లుండగా కూసములకు గుంటలు త్రవ్వునప్పుడు అడ్డము వచ్చిన రాతిని కూలివాడు పెకలించి గట్టు ప్రక్కన పాఱవైచుటయు, యజమాని చూచియు ఊరకుండుటయు తఱచు జరుగుచున్నవి. ఆ రాయి మీకు ప్రతికూలమని నేడు తోచవచ్చును. రేపు పొరుగువాడు రెండడుగులు ముందునకు వచ్చిననాడు మీకు దిక్కు ఆ రాయియే. కంచె పనికి ముందు రాళ్ళనన్నింటిని చూచి, సున్నము పూసి, పని ముగిసిన పిదప మరల లెక్కించుకొనుట మంచిది.

ఇండ్ల స్థలముల సంగతి అట్లు గాదు. ఊరి నివేశన భూమి యంతయు గ్రామకంఠమని, తెలంగాణములో ఆబాదీ యని, ఒక్కటిగా చూపబడి, లోపలి యింటింటికిని వేఱుగా పటము వేయబడక యుండుట పూర్వపు వాడుక. అందుచేత పొలమునకు దొరకినట్లు పెరటికి పటము దొరకదు. పూర్వము కరణము నోటిమాటయు, పెద్దల జ్ఞాపకమును ఈ లోటును తీర్చుచుండెను. 1984లో ఆ పదవి రద్దయినది. పెద్దలును ఒకరొకరే గతించుచున్నారు. ఇండ్ల స్థలములను ఆకాశమునుండి డ్రోనులతో కొలిచి యజమానులకు కార్డులిచ్చు స్వామిత్వ పథకము 2020 ఏప్రిలు 24న దేశమున ప్రారంభమైనది. ఆ సంవత్సరము డిసెంబరులోనే ఆంధ్రప్రదేశమున భూముల పునఃసర్వేయు మొదలైనది. మీ యూర ఈ కొలతలు ముగిసియున్నచో ఆ పటమును తీసికొని చూడుడు. ముగియనిచోట మీకు ఆధారము రిజిస్టరు దస్తావేజులోని చెక్కుబందీయే.

ఆ చెక్కుబందీని చదువుటలో ఒక మెలకువ గలదు. దస్తావేజులో ‘పది సెంట్లు’ అని వ్రాసియుండి, చూపిన నాలుగు హద్దుల నడుమ కొలిచినచో తొమ్మిదిన్నరయే తేలవచ్చును. తక్కిన అరసెంటు పొరుగువాడు మ్రింగెనని వెంటనే తీర్మానించుకొనరాదు. విస్తీర్ణమునకును హద్దులకును పొంతన కుదరనప్పుడు కోర్టులు సామాన్యముగా హద్దులనే ప్రమాణముగా గైకొనుచున్నవి. అందుచేత పొరుగువాని దస్తావేజును గూడ ప్రక్కన బెట్టుకొని చదువవలెను. మీ తూర్పు హద్దు అతని పడమటి హద్దుతో సరిపోలినచో తగవు సగము తీఱినట్లే.

ఇంతకును తగవులాడు భూమి యెంత? ఒక గొలుసు నలుచదరముగా నున్న దొడ్డిని దీసికొందము. అది 484 చదరపు గజములు. ఆంధ్ర జిల్లాల లెక్కకు పది సెంట్లు, తెలంగాణపు లెక్కకు నాలుగు గుంటలు. ఒక ప్రక్క కంచె అడుగు జరిగినచో పోవునది 66 చదరపు అడుగులు, అనగా ఏడు గజములకు కొంచె మెక్కువ. అది చిన్నదని నేననను. పట్టణములలో గజము ధర వినినవాడెవ్వడును అట్లనడు. అయినను సర్వే రుసుము చెల్లించి పరిష్కరించుకొనవలసిన ఏడు గజముల కొఱకు పదేండ్ల వ్యాజ్యము వేసికొనుట ఏ లెక్కకును అందదు.

కొలత కొఱకు దరఖాస్తును మీసేవ ద్వారా గాని మండల కార్యాలయమున గాని పెట్టుకొనవచ్చును. హద్దుల కొలతకు రెవెన్యూవారి వాడుకలో ఎఫ్-లైను అని పేరు. సర్వేయరు వచ్చుదినము ఇరుగుపొరుగు పట్టాదారులకు ముందుగా నోటీసు అందినదో లేదో మీరే కనుగొనుడు. నోటీసు అందని పొరుగువాడు ఆ కొలతను ఒప్పుకొనడు. మీరు పెట్టిన ఖర్చు వృథా యగును. 1923 నాటి చట్టము క్రింద సర్వే ముగిసినట్లు గెజెటులో ప్రకటన వెలువడినచో, అందు చూపిన హద్దు నిర్ణయమైన సాక్ష్యమగును. దానిని ఒప్పనివారు మూడేండ్లలోపల సివిలు కోర్టునకు పోవలెను. పునఃసర్వే జరిగిన గ్రామములవారు ఈ గడువును మఱవరాదు.

‘కంచె వేసి పండ్రెండేండ్లయినది, ఇక అది నాదే’ అను మాటయు మనలో గట్టిగా నాటుకొనియున్నది. 1963 నాటి కాలపరిమితి చట్టములో స్వాధీనము కోరు దావాకు పండ్రెండేండ్ల గడువున్న మాట నిజమే. కాని ఊరక కాలము గడచుట చాలదు. ఆ స్వాధీనము బాహాటముగా, ఎడతెగక, అసలు యజమాని హక్కునకు విరుద్ధముగా సాగినదై యుండవలెను. ‘ప్రస్తుతము అక్కడ కట్టుకో, అన్నా’ అని పొరుగువాడు స్నేహముగా ఇచ్చిన చోటు ఎన్నేండ్లున్నను అతని చోటే. ప్రభుత్వ భూమి విషయమున ఆ గడువు ముప్పదియేండ్లు. డొంకలు, పుంతలు, వాగు పోరంబోకులు మొదలగువానిని కంచెలో కలుపుకొన్నవారిని వెడలించుటకు 1905 నాటి భూ ఆక్రమణ చట్టము అధికారులకు అధికారమిచ్చినది. డొంక సన్నగిల్లినచో మొదట నష్టపోవునది బండి తిరుగని రైతే గదా!

ఇక వీధి సంగతి. కంచెకు అనుమతి కావలెనా అని అడుగువారికి ఒక్కమాటలో జవాబు చెప్పుట సాధ్యము గాదు. చట్టములు ‘కట్టడము’ అను మాటకు ఇచ్చిన అర్థములే వేఱువేఱుగా నున్నవి. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము ఒక మేర ఎత్తు మించని సరిహద్దు గోడను ఆ అర్థమునుండి తప్పించినది. హైదరాబాదు నగరమునకు వర్తించు 1955 నాటి చట్టము గోడను, కంచెను గూడ పేరుపెట్టి అందు చేర్చినది. కావున తాటిమట్టల దడికి ఊరిలో ఎవ్వరును అడుగకపోవచ్చును. పట్టణమునందలి మీ కుమారుడు అదే ధీమాతో గోడ లేపినచో నోటీసు రావచ్చును. గ్రామమున పంచాయతీ కార్యదర్శిని, పట్టణమున పురపాలక సంఘపు ప్రణాళికా విభాగమువారిని వ్రాతమూలముగా అడిగి, వ్రాతమూలముగానే జవాబు తీసికొనవలెను. ఊరు ఏదేని పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో చేరియున్నదో లేదో కూడ అప్పుడే కనుగొనవలెను. జాతీయ రహదారి ప్రక్క ఇల్లున్నవారికి పంచాయతీ మాట చాలదు. 2002 నాటి చట్టము ప్రకారము ఆ రహదారి భూమిని అనుమతి లేక ఆక్రమింపరాదు. ఆ భూమి తారుతో ఆగదు; తారు దాటి ప్రక్కలకును వ్యాపించియుండును.

ఎత్తు విషయమున జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్పినది తెలిసికొనదగినది. ఆ నియమావళి స్థానిక సంస్థలకు మాదిరి మాత్రమే; మీ యూరివారు స్వీకరించిన మేరకే అది చెల్లును. దాని ప్రకారము ప్రహరీ ఎత్తు వీధి నడిమి మట్టమునుండి 1.5 మీటర్లు మించరాదు. 2.4 మీటర్ల వఱకు లేపవలెనన్నచో పై 0.9 మీటరు భాగము చువ్వలతోనో జాలీతోనో చూపు పాఱునట్లుండవలెను. రెండు వీధులు కలియు మూలయింటివారు మూలనుండి ఇరుప్రక్కల పది మీటర్ల పొడవున 0.75 మీటరు మాత్రమే గట్టిగోడ కట్టి, పైన చువ్వలు వేసికొనవచ్చును. వీధిద్వారపు తలుపులు లోపలికే తెఱచుకొనవలెను గాని వీధిలోనికి రాకూడదు.

మూలయింటివారు ఈ నియమమును చూచి విసుగుకొందురు. పదేండ్ల పిల్లవాడు ఒకటిన్నర మీటరు గోడ వెనుకనుండి పరుగెత్తి వచ్చునప్పుడు ట్రాక్టరు తోలువానికి కానరాడు. ముప్పాతిక మీటరు గోడ వెనుకనైనచో వాని తలయు భుజములును ముందే కానవచ్చును. నియమము పుట్టినది ఇందుకొఱకే. మునిసిపాలిటీల చట్టములలో ఇట్టిదే మఱియొక అధికారమును గలదు: వీధి ప్రక్క పెరిగిన కంచెచెట్లను కత్తిరింపుమనియు, వీధిమీదికి వాలిన కొమ్మలను నఱకుమనియు, రాకపోకలవారి చూపునకు అడ్డమై అపాయము కలిగించు గోడను తగ్గింపుమనియు యజమానికి నోటీసు ఈయవచ్చును. చెట్లకంచెకు అనుమతి అక్కఱలేదని నిశ్చింతగా నుండువారు ఇది గమనింపవలెను.

తాపీపనివారు యజమానికి చెప్పని సంగతి యొకటి చెప్పెదను. తొమ్మిది అంగుళముల గోడకు రెండడుగుల వెడల్పు పునాది వేసి, గోడను నడుమ నిలిపినచో, భూమిలో పునాది ఇరుప్రక్కల ఏడున్నర అంగుళముల చొప్పున ముందునకు చొచ్చియుండును. గోడ సరిగా హద్దుమీద నున్నట్లు పైకి కనబడినను పునాది పొరుగు జాగాలోనో ఊరి మురుగుకాలువలోనో పడినట్లే. కావున గీత గీయునప్పుడు హద్దునకు గోడ అంచు గాక పునాది అంచు తగులునట్లు చూచుకొనవలెను.

గోడ మీ హద్దులోనే యున్నను, ఎత్తు నియమమును మీఱకున్నను, మఱియొకరి నడకకో నీటికో అడ్డము రావచ్చును. వెనుకయింటివాడు మీ పెరటి ప్రక్కగా పశువులను తోలుకొని పోవుచున్నాడనుకొందము. ఆ దారిని హక్కుగా, బాహాటముగా, అడ్డులేక ఇరువదియేండ్లు వాడుకొన్నచో అతనికి దానిపై హక్కు ఏర్పడును. ఆంధ్ర జిల్లాలకు 1882 నాటి సౌలభ్యముల చట్టములో ఈ నియమము గలదు. అన్నదమ్ములు ఇల్లు పంచుకొనినప్పుడు వెనుక భాగమునకు వేఱు దారి లేకున్నచో, ఏండ్ల లెక్కతో పనిలేకుండ అవసరమును బట్టియే దారి హక్కు కలుగును. పంపకపు కాగితములలో గదులు, దూలములు, కుండలతో సహా వ్రాసి, దారి మాట మఱచు కుటుంబములు ఎన్నో! చూరునీటి సంగతియు ఇట్టిదే. మీ యింటి చూరు పొరుగు దొడ్డిలో కాఱుచున్నచోట అతడు గోడ లేపినచో నీరు మీ గోడకే తగిలి మట్టిగోడ కరగును. గోడ అడుగున తూము విడుచుటకు ఖర్చు స్వల్పము. కట్టిన పిదప పగులగొట్టి పెట్టుటకు ఖర్చును మాటయు రెండును ఎక్కువే.

కంచె దేనితో వేయవలెనన్నది ఎవరి శక్తి వారిది. పశువులు సులభముగా ముట్టని వావిలి, ముండ్ల గచ్చ, కిత్తనార, కత్తిరించినకొలది గుబురుకట్టు గోరింట, ఇవి మన పెద్దలు ‘వెలుగు’ అని పిలిచిన కంచెకు తగినవి. చెట్టు లావెక్కును గనుక హద్దునుండి రెండడుగులు లోపలికి నాటవలెను. తీగె కంచె వేయువారు తీగెను ఎట్టి పరిస్థితిలోను విద్యుత్ స్తంభమునకుగాని దాని ఆధారపు తీగెకుగాని కట్టరాదు. పింగాణి పగిలి స్తంభమునకు విద్యుత్తు దిగిననాడు మీ దొడ్డి చుట్టును ఉన్న తీగె యంతయు మృత్యువగును.

అడవిపందుల బాధచేత కొందఱు కరెంటు తీగెనుండి నేరుగా కొక్కెము తగిలించి కంచెకు విద్యుత్తు పాఱించుచున్నారు. ఇది కంచె గాదు, ఉరి. తెల్లవారుజామున నీరు పెట్టుటకు పోవు పొరుగురైతు, తీగె మాట మఱచిన ఇంటివాడు, పోయిన గేదెను వెదకు బాలుడు అక్కడనే పడిపోవుదురు. ఇట్టి మరణములు మన రెండు రాష్ట్రములలోను ఏటేట పత్రికల కెక్కుచునేయున్నవి. దొంగకరెంటు 2003 నాటి విద్యుత్ చట్టము 135వ విభాగము క్రింద మూడేండ్ల వఱకు ఖైదు విధింపదగిన నేరము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 106వ విభాగము, నిర్లక్ష్యముచే మరణము కలిగించినవానికి ఐదేండ్ల వఱకు ఖైదు విధించుచున్నది. విద్యుత్ కంచె తప్పదన్నచో ప్రమాణముల ప్రకారము చేసిన ఎనర్జైజరు అను పెట్టెనే వాడవలెను. అది సౌరశక్తితో నిండిన బ్యాటరీనుండి సెకనుకు సుమారు ఒక్కమాఱు, అతి స్వల్పకాలము మాత్రమే, తీగెలోనికి దెబ్బ పంపును. జంతువు అదరి వెనుదిరుగును, ప్రాణము పోదు. సరఫరా కరెంటు అట్లు గాక విడువకుండ పట్టుకొనును. భేదమంతయు అందే యున్నది. ఇంటి చుట్టును, పిల్లలు తిరుగుచోట, ఆ పెట్టెయు వలదనియే నా అభిప్రాయము.

తుదకు ఖర్చు మాట. సంఘ సభ్యులకు ఇక్కడ ఒక లాభము గలదు. ఒక గొలుసు నలుచదరపు దొడ్లు నాలుగు, రెండింటి వెనుక రెండుగా ఆనుకొనియున్న వనుకొందము. ఎవరికి వారు చుట్టును కంచె వేసికొన్నచో ఒక్కొక్కరికి 264 అడుగుల చొప్పున మొత్తము 1,056 అడుగులగును. నలుగురు కలసి వెలుపలి చుట్టు 528 అడుగులును, నడుమ హద్దులమీద 264 అడుగులును వేసికొన్నచో 792 చాలును. నాలుగవ వంతు తీగెయు, కూసములును, కూలియు మిగులును. తీగె, కూసములు అందఱికిని ఒక్కమాఱే కొన్నచో బేరమును కుదురును.

అయితే ఉమ్మడి కంచె నోటిమాటమీద వేయరాదు. కంచె హద్దు గీతమీదనే యున్నదనియు, ఖర్చు ఎవరెంత పెట్టిరనియు, మరమ్మతు ఎవరి వంతు ఎంతయనియు, ఒకరి సమ్మతి లేక మఱియొకరు దానిని తీయరాదనియు, దానివలన ఎవ్వరి హద్దును మాఱలేదనియు స్పష్టముగా వ్రాసికొనవలెను. ఆ కాగితమునకు సర్వే కొలత పటమును జతపఱచి, అందు రాళ్ళున్న చోట్లను గుర్తించి, ఊరివారిద్దఱ సాక్షి సంతకములతో నలుగురును తలకొక ప్రతి ఉంచుకొనవలెను. ఇల్లు అమ్మునప్పుడు ఆ ప్రతిని దస్తావేజుతోపాటు కొన్నవారికి అప్పగింపవలెను.